ఉతకని చొక్కా

ఆవిరాయన లాండ్రీ ఉన్న వీధిలో ఎవరూ ఇంటి దగ్గర ముఖం కడుక్కుని బయల్దేరేవాళ్ళు కాదు. ఆ షాపు తలుపు ఒక్కసారి తెరుచుకుంటే చాలు, లోపలి ఆవిరి గుప్పున వచ్చి ముఖం కడిగి, జుట్టు దువ్వి, ఒంటి మీది చొక్కాకి ముడతలుంటే వాటిని కూడా సాపు చేసి పంపించేది. లోపల ఒక బాయిలరు, ఉతికే డ్రమ్ములు రెండు, గోడ పొడుగునా ఇస్త్రీ బల్ల. ఆ పొగమంచులో ఎక్కడో ఆయన. కొత్తవాళ్ళు బట్టల మూట చాపి "ఎవరండీ లోపల?" అంటే చేతిలో మూట మాయమయ్యేది, "రేపు" అని ఒక్క మాట వినబడేది. మనిషి కనబడేవాడు కాదు. ఆవిరే మాట్లాడిందని హడలిపోయి, మళ్ళీ బట్టల కోసం రాని వాళ్ళు కూడా ఉన్నారు.

భార్య బతికుండగా అలా ఉండేది కాదు. ఆవిడ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయే వాళ్ళందర్నీ పలకరించేది. ఆవిడ నవ్విందంటే మూడు వీధుల అవతల నిద్రపోతున్న పసిపిల్లలు లేచి, ఏడవకుండా వాళ్ళూ నవ్వేవాళ్ళు. ఆవిడ పోయి ఏడాది అవుతోంది. ఆవిరాయన ఏడవలేదు. ఏడుపు ఆపుకోవడం కాదు, అసలు రాలేదు. తినేవాడు, పడుకునేవాడు, లేచేవాడు. చెప్పులో రాయి పడితే తీసి పారేయాలని తోచక సాయంత్రం దాకా ఆ రాయితోనే నడిచేవాడు. "సరే", "రేపు", "అయింది" అన్న మాటలతో రోజు వెళ్ళిపోయేది. నాలుగో మాట అవసరం పడేది కాదు.

ఆయన మరదలు, అంటే భార్యకి సొంత చెల్లెలు, దిక్కులేని కుక్కలకి షెడ్డు నడుపుతుంది. ఎవరో వదిలేసినవి, తప్పిపోయినవి, తన్నులు తిన్నవి అన్నీ అక్కడికే చేరతాయి. వాటికి మంచి ఇళ్ళు వెతికి పెట్టడం ఆవిడ పని. ఒక పొద్దున ఆవిడ తాడు పట్టుకుని లాండ్రీలోకి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆవిడ రాలేదు, తాడు రెండో కొసన ఉన్న కుక్క ఆవిడని లాక్కొచ్చింది. గుమ్మం దగ్గర ఒక చెప్పు, బల్ల దగ్గర ఇంకో చెప్పు ఊడిపోయాయి. బాయిలరుని వాటేసుకోకుండా ఎలా ఆగిందో ఆవిడకే తెలియాలి.

"బావా, దీని పేరు తూటా. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచు."

"సరే."

"ఎందుకు, ఏమిటి, ఇది మనుషుల్ని తింటుందా, అని ఏమీ అడగవా?"

"నువ్వే చెప్తావుగా."

"షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. దీనికి ఇల్లు చూస్తున్నా. దొరికే దాకా ఉంచు. నిన్ను పెంచుకోమనట్లేదు. ఉంచమంటున్నా. తేడా తెలుస్తోందా?"

"సరే."

"నీతో మాట్లాడే కంటే గోడతో మాట్లాడ్డం నయం బావా. గోడ కనీసం సున్నమన్నా రాలుస్తుంది."

తూటాకి ఏడాది వయసు. గోధుమ రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి కూర్చుని ఉంటుంది. దాని పరుగు ఎలాంటిదంటే, నీడ వెనకబడిపోయి, మలుపులో దారి తప్పి, వేరే ఎవరిదో కుక్కకి అతుక్కుని ఇంటికి చేరేదట. మొదట దాన్ని ఒక పళ్ళ డాక్టరు ఇంటికి ఇచ్చారు. వాళ్ళ సోఫాలో ఉన్న దూదంతా పీకి హాల్లో మంచు కురిపించింది. డాక్టరు గారి పిల్లలు ఊలు టోపీలు పెట్టుకుని అన్నాలు తిన్నారని అంటారు. తర్వాత ఒక మేడ మీది ఫ్లాటు వాళ్ళకి ఇచ్చారు. అక్కడ అది లిఫ్టు ఎక్కడం దిగడం మరిగి, ఎక్కిన వాళ్ళని దిగనివ్వకుండా, దిగిన వాళ్ళని ఎక్కనివ్వకుండా తిప్పితే, లిఫ్టుకే కళ్ళు తిరిగి మధ్యలో ఆగిపోయిందట. ఆ రెండు ఇళ్ళ వాళ్ళూ దండం పెట్టి తిరిగి ఇచ్చేశారు.

ఇక్కడే ఉంది చిక్కు. షెడ్డు కమిటీకి ఒక పద్ధతి ఉంది. మూడోసారి కూడా తిరిగొచ్చిన కుక్కకి ఇంక ఇల్లు చూడరు. ఊరవతల గోడౌన్ల వాళ్ళకి కాపలా కోసం ఇచ్చేస్తారు. అక్కడ ఇనప స్తంభం, దానికి గొలుసు. గొలుసు ఎంతో కుక్క లోకం అంత.

"ఇది గొలుసుకి బతకదు బావా. ఈసారి ఇచ్చే ఇల్లు తప్పిపోతే దీని పని అయిపోయినట్టే" అంది మరదలు.

"సరే" అన్నాడు ఆవిరాయన. తూటా అప్పటికే ఆయన కండువా సగం మింగేసింది.

మొదటి రోజు దాన్ని ఇస్త్రీ బల్ల కోడుకి కట్టాడు. సాయంత్రానికి బల్ల గుమ్మం దగ్గర ఉంది. మర్నాడు బాయిలరు గొట్టానికి కట్టాడు, బాయిలరు మూలగడం మొదలెట్టింది. విప్పి వదిలేస్తే హోటలు వాళ్ళ డబుల్ దుప్పటి నోట కరుచుకుని బజారంతా చుట్టొచ్చింది. ఆ తెల్లటి దుప్పటి గాలికి లేచి, కింద కుక్క కనబడక, ఎవరో పెద్దమనిషి తెరచాప బండిలో వస్తున్నాడనుకుని ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ కొట్టి దారి ఇచ్చాడు. ఆవిరాయన దుప్పటి తీసుకుని మళ్ళీ ఉతికాడు. తిట్టలేదు, నవ్వలేదు. భార్య ఉంటే కుర్చీలోంచి కింద పడి నవ్వేదని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినట్టే వచ్చి, పక్కింటికి రావాల్సిన మనిషి తలుపు తప్పు కొట్టినట్టు, వెళ్ళిపోయింది.

పాపం, ఆ షాపులో కుక్కకి ఏముంది? ఆవిరి, వేడి, చప్పుడు. తలుపు తెరిచినప్పుడల్లా వీధి వంక చూసేది. పడుకునేది కాదు. గుండ్రంగా తిరిగేది, తిరిగేది, నేల మీద ఒక దారి అరిగిపోయేటట్టు తిరిగేది.

కొన్నాళ్ళకి మరదలు ఒకావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కొండ మీద చెరువు నుంచి ఊళ్ళో ట్యాంకు దాకా నీళ్ళ పైపు ఒకటి వస్తుంది. దాని వెంబడి రోజూ నడిచి, ఎక్కడైనా కారుతోందా, ఎక్కడైనా కదిలిందా అని చూడటం ఆవిడ ఉద్యోగం. ఊరంతా ఆవిణ్ణి గొట్టాలావిడ అంటారు. పొద్దస్తమానం మనిషి జాడ లేని చోట తిరిగే మనిషి కదా, మెల్లిగా మాట్లాడటం మర్చిపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి పలకరిస్తే లోపల హేంగర్లన్నీ ఊగాయి.

"ఏమయ్యా! ఎక్కడున్నావు? ఇది షాపా, మబ్బా?"

"ఇక్కడే" అన్నాడు ఆవిరాయన, ఆవిరిలోంచి.

"కుక్కేదీ?"

కుక్కని వెతకాల్సిన పని లేకపోయింది. అది అప్పటికే ఆవిడ భుజాల మీద రెండు కాళ్ళూ వేసి ముఖం నాకేస్తోంది. ఆవిడ ఒక్క అంగుళం కూడా వెనక్కి జరగలేదు.

"దీనికి కాళ్ళు గట్టివేనా అమ్మాయ్? నేను పొద్దున పైకి ఎక్కుతా, సాయంత్రానికి కిందికి దిగుతా. ఎండా వానా లేదు."

"కాళ్ళు తప్ప దీనికి ఇంకేమీ లేవు పిన్నిగారూ. బుర్ర కూడా కాళ్ళలోనే ఉంది" అంది మరదలు.

"మా ముసలిది పోయింది. పన్నెండేళ్ళు నాతో నడిచింది. ఒక్కదాన్నే నడవలేకపోతున్నా. నా కేకలు నాకే తిరిగి వినబడుతున్నాయి" అంది గొట్టాలావిడ. ఆ ఒక్క మాట మాత్రం మెల్లిగా అంది. హేంగర్లు ఊగలేదు.

ఇల్లు కుదిరింది. మరదలికి ఒక అలవాటు ఉంది. ఏ కుక్కని పంపినా దాంతో పాటు ఒక వాసన గుడ్డ పంపిస్తుంది. అప్పటిదాకా దాన్ని చూసుకున్న మనిషి ఒంటి మీద కొన్నాళ్ళు ఉంచుకున్న గుడ్డ అది. కొత్త ఇంట్లో మూల వేస్తే కుక్క దాన్ని వాసన చూసి, ఇదీ మన ఇల్లే కాబోలని సర్దుకుంటుంది. ఆవిడ ఒక తువ్వాలు తెచ్చి ఆవిరాయన మెడ చుట్టూ వేసింది.

"తీసుకెళ్ళే రోజు దాకా దీన్ని దించకు. చెమట తుడుచుకో, ముక్కు తుడుచుకో, ఏమైనా చేసుకో. నీ వాసన పట్టాలి. అర్థమైందా?"

"సరే."

ఆయన దించలేదు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. తూటా రాత్రిళ్ళు ఆ తువ్వాలు కొసని నోట్లో పెట్టుకుని నమిలేది. బయల్దేరే రోజు మరదలు వ్యాను తెచ్చింది. కుక్కని ఎక్కించింది. ఆవిరాయన కాగితంలో చుట్టిన పొట్లం ఆవిడ చేతికిచ్చాడు. వ్యాను మలుపు తిరిగే దాకా కుక్క అరుస్తూనే ఉంది. ఆయన లోపలికి వెళ్ళి ఇస్త్రీ మొదలెట్టాడు. షాపులో చప్పుడు తగ్గింది. ఆయన బాధ పడాలేమో అనుకుని కాసేపు ఆగి చూశాడు. ఏమీ రాలేదు. దుప్పట్లు మడతపెట్టాడు.

మూణ్ణాళ్ళు గడిచాయో లేదో, మధ్యాహ్నం పూట తలుపు ధనేలుమంది. బురద ముద్ద ఒకటి లోపలికి దూసుకొచ్చి, ఉతికిన బట్టల గుట్ట మీంచి దూకి, ఆవిరాయన కాళ్ళ మధ్య దూరింది. మెడకి కొరికిన తాడు ముక్క వేలాడుతోంది. పైపు వెంబడి వచ్చిందో, పైపులోంచే ఈదుకుంటూ వచ్చిందో గానీ ఆ పూట ఊళ్ళో కుళాయిలన్నిట్లోనూ కుక్క వెంట్రుకలు వచ్చాయని జనం గోల పెట్టారు. తూటా ఒళ్ళంతా తోక చేసుకుని ఊపుతోంది. మూలుగుతోంది. ఆయన చేతులు నాకుతోంది.

ఆవిరాయన దాని తల మీద చెయ్యి వేశాడు. చెయ్యి కింద చిన్న పుర్రె వేడిగా వణుకుతోంది. 'వచ్చింది' అనుకున్నాడు. 'సంతోషించాలి కదా' అనుకున్నాడు. ఎక్కడో లోతున బకెట్టు వేసి లాగినట్టు లాగాడు. బకెట్టు ఖాళీగా పైకొచ్చింది.

వెనకాలే వ్యాను వచ్చి ఆగింది. మరదలు, గొట్టాలావిడ ఇద్దరూ దిగారు. గొట్టాలావిడ ముఖం ఎండకి కాదు, వేరే దేనికో ఎర్రబడి ఉంది.

"మూడు రోజుల్నించీ గుమ్మం దగ్గరే కూర్చుందయ్యా! తినలేదు, తాగలేదు. నాతో పైపు మీదికి రమ్మంటే రాలేదు. నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసింది. మా ముసలిది పోయినప్పుడు కూడా నాకు ఇంత అవమానం కాలేదు!"

"గుడ్డ వేశారా పిన్నిగారూ?" అంది మరదలు.

"వేశా! వేస్తే దాన్ని కనీసం వాసన కూడా చూడలేదు. ఇదిగో!"

సంచిలోంచి తువ్వాలు తీసి బల్ల మీద పడేసింది. మరదలు దాన్ని చేతిలోకి తీసుకుంది. వేలితో అంచు తడిమింది. గంజి పెట్టి ఉంది. మడత ఎంత పదునుగా ఉందంటే, దాంతో రొట్టె కొయ్యొచ్చు. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు. వేడి. ఇంకేమీ లేదు.

"బావా. దీన్ని ఉతికావా?"

ఆవిరాయన తువ్వాలు వంక చూశాడు. తన చేతుల వంక చూశాడు. వ్యాను వచ్చే ముందు మెడలోంచి తువ్వాలు తీశాడు, అది గుర్తుంది. పొట్లం కట్టాడు, అదీ గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందో చేతులకే తెలుసు. మాసిన గుడ్డ ఆ షాపు గుమ్మం దాటి బయటికి వెళ్ళడమన్నది ఆ చేతులు పుట్టి ఎరగవు. ఆయన్ని అడక్కుండానే ఉతికాయి, జాడించాయి, పిండాయి, గంజి పెట్టాయి, ఇస్త్రీ చేశాయి.

"ఉతికినట్టున్నాను" అన్నాడు.

గొట్టాలావిడ పెద్దగా నవ్వబోయి, మరదలి ముఖం చూసి ఆగిపోయింది.

మరదలు తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ పెట్టింది. "అక్కవి కూడా ఇలాగే చేశావు బావా" అంది. "అది పోయాక, నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన పూటే. దుప్పటి, దిండు గలేబు, అది వేసుకున్న బట్టలు, తలకి కట్టుకున్న గుడ్డ. నేను సాయంత్రం వచ్చేసరికి అన్నీ తీగ మీద ఆరుతున్నాయి. నాకు ఒక్కటన్నా ఉంచుతావేమో అనుకున్నా. ఒక్క జేబురుమాలు. ఎప్పుడూ అడగలేదు నిన్ను."

బాయిలరు బుసకొట్టింది. ఆ బట్టలన్నీ బీరువాలో ఉన్నాయి, మడతలు చెదరకుండా. ఆవిడ పోయిన కొత్తలో ఆవిరాయన ఒకసారి బీరువా తెరిచి తల లోపలికంటా పెట్టి నిలబడ్డాడు. షాపు వాసన వచ్చింది. అందరి బట్టల వాసన. ఆ తర్వాత మళ్ళీ తెరవలేదు.

"నీ దగ్గరికే వచ్చింది కదా" అంది మరదలు, ముక్కు ఎగబీల్చి, గొంతు మార్చి. "కొండ దిగి, ఊరు దాటి, నిన్ను వెతుక్కుంటూ వచ్చింది. కమిటీ వాళ్ళకి నేను చెప్పుకుంటాలే. దీనికి ఇల్లు ఇదేనేమో బావా. ఉంచేసుకో."

"వద్దు."

ఏడాదిలో ఆయన దేనికైనా కాదనడం అదే మొదలు. మరదలు కళ్ళు పెద్దవి చేసింది.

"అది నన్ను చూసి ఎంత సంతోషపడిందో చూశావుగా" అన్నాడు ఆవిరాయన. ఒక్కో మాటా మూలన పడి ఉన్న సామానులా వెతుక్కుని తీస్తున్నాడు. "నేను పడలేదు. వీసమెత్తు కూడా పడలేదు. రోజూ అలా తోక ఊపి ఊపి, ఒకనాటికి అదీ మానేస్తుంది. గోడౌను దగ్గర గొలుసైతే కంటికి కనబడుతుంది. ఇక్కడ కనబడదు. అంతే."

తూటా మూడు ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఆవిడ ఇల్లే మంచిది" అన్నాడాయన. "తప్పు గుడ్డది. మళ్ళీ ఇద్దాం."

"ఏం గుడ్డ ఇస్తావయ్యా?" అంది గొట్టాలావిడ. "నీ ఇల్లంతా గాలించినా మాసిన గుడ్డ దొరుకుతుందా? నీ ఒంటికే వాసన లేదు. నీ పక్కన నిలబడితే మనిషి పక్కన నిలబడినట్టు లేదు, సబ్బు బిళ్ళ పక్కన నిలబడినట్టుంది!"

"అయితే బావని మాపుదాం" అంది మరదలు. తడి కళ్ళతోనే నవ్వింది. "పిన్నిగారూ, రేపట్నించి ఈయన్ని కూడా మీ పైపు మీద నడిపించండి. ఒకే చొక్కాతో. మీరు, కుక్క, ఈయన. చొక్కా కంపు కొట్టే దాకా."

"నా వెంట నడవగలడా? ఈయన మేఘాల్లో తిరిగే మనిషి."

"సరే" అన్నాడు ఆవిరాయన.

మర్నాడు లాండ్రీకి తాళం పడింది. ఆ వీధిలో జనం ఏదో గ్రహణం పట్టినట్టు బయటికొచ్చి చూశారు. రోజూ తెల్ల చొక్కా కోసం వచ్చే లాయరు గారు గుమ్మం ముందు నిలబడి లబోదిబోమన్నాడు.

"ఏమయ్యా, ఎక్కడికి? కోర్టుకి నన్ను బనీనుతో వెళ్ళమంటావా?"

"కుక్కతో నడవాలండీ."

"కుక్కతో నడవడానికి లాండ్రీ మూస్తారా ఎవరైనా? నా కేసులో అవతల పార్టీ వాడు గానీ ఈ కుక్కని పంపించలేదు కదా?"

పైపు మనిషి నడుము ఎత్తున ఉంటుంది. పొదల్లోంచి, రాళ్ళ మీంచి, వాగు మీంచి కొండ దాకా పోతుంది. గొట్టాలావిడ భుజాన రెంచి, చేతిలో ఇనప కడ్డీ. మొదటి మలుపు దాటేసరికే ఆవిరాయన నాలిక బయటపెట్టాడు. కుక్క మాత్రం లోపలే పెట్టుకుంది. అది ముందుకు ఉరికి, వెనక్కి వచ్చి, ఇద్దరూ ఉన్నారో లేదో చూసుకుని మళ్ళీ ఉరికేది. వాళ్ళు ఒకసారి ఎక్కిన కొండని అది పదిసార్లు ఎక్కింది. కొండకే ఆయాసం వచ్చి కాస్త పక్కకి ఒరిగిందని, కావాలంటే ఇప్పటికీ చూడొచ్చని గొట్టాలావిడ ప్రమాణం చేసి చెప్తుంది.

అతుకు ఉన్న చోటల్లా ఆవిడ ఆగేది. కడ్డీ ఒక కొస పైపుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకునేది. ఒకచోట కడ్డీ ఆవిరాయన చెవికి పెట్టింది.

"ఏం వినబడుతోంది తమ్ముడూ?"

"హుమ్మని ఒకటే మోత."

"ఈల గానీ, బుసగానీ ఉందా?"

"లేదు. ఏమీ లేదు."

"అయితే పైపు బాగున్నట్టు" అని కడ్డీ లాక్కుని, ఆయన ముఖం వంక ఒకసారి చూసి, "పైపు సంగతి చెప్తున్నా. మనుషుల సంగతి కాదు" అని ముందుకి నడిచింది.

సాయంత్రం కొండ వాలులో ఉన్న ఆవిడ ఇంటికి చేరారు. ఒకే గది, ముందు వాకిలి, వాకిట్లో కుళాయి. తూటా నీళ్ళు తాగింది. గిన్నెడు తిండి తింది. వాకిట్లో రెండు చుట్లు తిరిగి, కాళ్ళు బారజాపి, పడుకుంది. ఆవిరాయన నిలబడి చూశాడు. అది పడుకోవడం ఆయన చూడటం అదే మొదలు. పొట్ట ఎగిరి పడుతోంది. నిలబడే చెవి కూడా కూర్చుంది.

అలా రోజూ నడిచారు. చీకటి పడితే ఆయన కుక్కతో ఊళ్ళోకి దిగి, పొద్దున్నే మళ్ళీ ఎక్కేవాడు. ఆయన ఎక్కడ కూర్చుంటే కుక్క అక్కడికి వచ్చి ఆయన చొక్కాలో మూతి పెట్టేది, తర్వాత వెళ్ళి గొట్టాలావిడ కాళ్ళ దగ్గర కూర్చునేది. ఆ చొక్కా సంగతి చెప్పాలంటే ముక్కు మూసుకుని చెప్పాలి. మొదట కాలరు నల్లబడింది. తర్వాత వీపు మీద ఉప్పు పేరుకుని తెల్లటి పటాలు తేలాయి. ఆ తర్వాత విప్పి గోడకి ఆనిస్తే చొక్కా తనంతట తనే నిలబడేది. ఈగలు వాలబోయి, ఒకదానికొకటి సర్దిచెప్పుకుని వెళ్ళిపోయేవి. దారిలో లాయరు గారు ఎదురుపడి, నమస్కారం పెట్టబోయిన చేతుల్ని ముక్కు మీదకి మార్చుకున్నాడు.

"ఏమయ్యా, నువ్వేనా? ఉతికేవాడివే ఇలా ఉంటే ఇంక మేమేం కావాలి?"

మరదలు వచ్చి చొక్కా వాసన చూసింది. కళ్ళ నీళ్ళు కారుతుండగా "అయింది బావా" అంది. "ఇంతకంటే మాపితే పోలీసులొస్తారు."

అప్పగించే రోజు వచ్చింది. గొట్టాలావిడ వాకిట్లో ఆవిరాయన చొక్కా విప్పాడు. చేత్తో పట్టుకున్నాడు. ఎదురుగా కుళాయి ఉంది. కుళాయి గట్టు మీద సబ్బు ముక్క ఉంది. ఆయన చేతులు వాటంతట అవే అటు తిరిగాయి. కాళ్ళు కూడా వాటి వెంట ఒక అడుగు వేశాయి.

"చెయ్యి!" అని గొట్టాలావిడ ఒక్క కేక పెట్టింది. కొండ మీద పిట్టలు లేచాయి. "చెయ్యి తియ్ తమ్ముడూ అక్కణ్ణించి!"

ఆయన ఆగాడు. అంత మాసిన గుడ్డని ఉతక్కుండా కింద పెట్టడం ఆయనకి ఎంత కష్టంగా ఉందో! నూతిలోకి చూస్తూ బిందె వదిలేస్తున్నట్టుంది. గదిలోకి వెళ్ళాడు. ఆవిడ మంచం పక్కన మూల వంగి, చొక్కా పరిచాడు. చేతులు కాలరు సాపు చేయబోయాయి. వెనక్కి లాక్కున్నాడు. ముద్దలా వదిలేశాడు. తూటా వచ్చి చొక్కా మీద నిలబడి, మూతి పెట్టి లోతుగా పీల్చింది. మూడు చుట్లు తిరిగి, చొక్కా చేతులు రెండూ కాళ్ళతో తన కిందకి లాక్కుని కూర్చుంది.

"ఉంటా" అన్నాడు ఆవిరాయన. ఎవరితో అన్నాడో ఆయనకే తెలీదు. బనీనుతో కొండ దిగి, ఊరు దాటి, ఇల్లు చేరాడు.

ఆ సాయంత్రం షాపు తలుపు తాళం వెయ్యకుండా దగ్గరగా వేశాడు. మర్నాడూ అంతే. తలుపు కదిలినప్పుడల్లా ఆయన తల అటు తిరిగేది. గాలి. ఎవరో కస్టమరు. మళ్ళీ గాలి.

"రాలేదా బావా?" అంది మరదలు గుమ్మంలోంచి.

"రాలేదు."

"పైపు మీదికి వెళ్తోందట. తింటోందట. పిన్నిగారు ఫోన్లో అరిచి అరిచి చెప్పింది, నాకు చెవి దిమ్మెక్కింది. కమిటీలో ఇల్లు ఖాయమని చెప్పేశాను. ఇంక తిరిగి రాదు. మంచిదే కదా?"

"మంచిదే" అన్నాడు. అని, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "పడుకుంటోందా?" అని అడిగాడు.

"దుంగలా పడుకుంటోందట."

ఆయన తల ఊపాడు. మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

వారం తిరిగిందో లేదో, లాయరు గారు షాపులో నిలబడి తొందరపెడుతున్నాడు. కోర్టుకి వేళయింది, చొక్కా ఇంకా బల్ల మీదే ఉంది. వీపు వైపు ఒక్కసారి ఇస్త్రీపెట్టె లాగితే అయిపోతుంది. అప్పుడు వీధిలోంచి ఒక కేక వినబడింది. ఊళ్ళో ట్యాంకు దగ్గర వాల్వు చూడటానికి గొట్టాలావిడ వస్తోంది. ఆవిడ కంటే ముందు తూటా వస్తోంది.

తలుపు తోసుకుని లోపలికి తల పెట్టింది. ఆవిరిలో కళ్ళు చికిలించింది. ఆవిరాయన ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడ్డాడు. కుక్క దగ్గరికి వచ్చింది. ఆయన మోకాలికి మూతి ఆనించింది. తోక ఊపింది, బాగా ఊపింది, హేంగర్లు రెండు కింద పడ్డాయి. ఇంతలో వీధిలోంచి గొట్టాలావిడ "పదవే!" అంది. తూటా చెవి లేచింది. ఆయన వంక ఒకసారి చూసింది. చూసి, వెనక్కి తిరిగి, పరిగెత్తింది. ఎక్కడికి వెళ్ళాలో తెలిసిన పరుగు. మలుపు తిరిగి మాయమైంది. తలుపు ఊగి ఊగి ఆగింది.

"నా చొక్కా! నా చొక్కాయ్యా! పొగ!" అని లాయరు గారు గావుకేక పెట్టాడు.

ఆవిరాయన కిందికి చూశాడు. తెల్ల చొక్కా వీపు మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమ రంగు మచ్చ. ఆ చేతులు ఇస్త్రీ నేర్చుకున్న నాటి నుంచి ఒక్క గుడ్డ కూడా కాల్చలేదు. మాడిన వాసన ముక్కుకి తగిలింది. ఘాటుగా తగిలింది, గొంతులోకి దిగింది.

"కాలింది" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే వింతగా వినబడింది. "వెళ్ళిపోయిందండీ" అన్నాడు. ముఖం అంతా తడి. ఆవిరి కాదు. బల్ల అంచు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, లోపల్నించి ఏదో తన్నుకొస్తోంది, అది ఏడాది నాటిదో ఈ పూటదో తేల్చుకునే తీరిక లేదు.

"కాలిందని నాకూ కనబడుతోంది! నువ్వు ఏడుస్తావేమిటయ్యా, చొక్కా నాది!" అన్నాడు లాయరు గారు.

ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. లాయరు గారు వీధి వంక చూశాడు, గడియారం వంక చూశాడు, చొక్కా వంక చూశాడు. ఏం చెయ్యాలో పాలుపోక, కాలిన చొక్కానే తొడుక్కుని, దాని మీద నల్ల కోటు బిగించుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ఊరుకోవయ్యా, ఊరుకో. ఇదిగో, కోటు వేసుకున్నా. ఎవరికీ కనబడదులే."